జింజు నది ఆయకట్టు బియ్యం: కాడ్మియం కంచంలోంచి ఎముకల దాకా చేరిన ఒక కేసు

జపాన్‌లోని తోయామా ప్రాంతం మీదుగా ఉత్తరానికి పారి సముద్రంలో కలిసే జింజు నది కింద, రెండవ ప్రపంచ యుద్ధానికి ముందూ తరువాతా, నడివయసు దాటిన రైతు స్త్రీలలో ఒక జబ్బు గుంపుగా కనిపించింది. మొదట నడుములోనూ తొడల్లోనూ నొప్పి వచ్చేది. కొన్నేళ్ళకు నడక బాతు నడకలా మారేది. ఆ తరువాత చిన్నపాటి తూలుడుకే ఎముక విరిగి మనిషి మంచం పట్టేది, చివరికి గట్టిగా దగ్గినా పక్కటెముక విరిగే స్థితి వచ్చేది. ఒక రోగి మరణానంతర పరీక్షలో 72 చోట్ల ఎముకలు విరిగి ఉన్నట్టు తేలింది. తెలివి, మాట, స్పర్శ అన్నీ సవ్యంగానే ఉండడం వల్ల ఈ రోగులు తమ బాధను ఆఖరి రోజు వరకు పూర్తి స్పృహతో అనుభవించారు. నొప్పి, నొప్పి అని వారు మూలిగిన మాటనే జబ్బు పేరుగా పెట్టి జపాన్ వారు దాన్ని ఇతాయి ఇతాయి వ్యాధి అన్నారు.

మూత్రపిండాల వైద్యంలో ఉన్న నేను ఈ పాత కేసును మొదటి నుంచి చివరి వరకు తెలుగులో రాయడానికి కారణం ఉంది. భార లోహాల ప్రమాదం గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా ఎవరో కల్తీ చేసిన ఒక సరుకు చుట్టూ, ఒక ఊళ్ళో జరిగిన ఒక సంఘటన చుట్టూ తిరుగుతాయి. జింజు నది కింద కల్తీ లేదు, పాచిపోయిన తిండి లేదు, రుచిలోనూ రంగులోనూ తేడా లేదు. అక్కడి వారు తమ మడిలో తామే పండించుకున్న బియ్యాన్ని పూటపూటా తిన్నారు. రోజూ తినే ప్రధాన ఆహారంలో లోహం ఉన్నప్పుడు, కిలోకు ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు మనిషి రోజుకు ఎంత తింటున్నాడన్న ప్రశ్న కూడా వేయకపోతే లెక్క తప్పుతుందని ఈ కేసు చెబుతుంది. అన్నమే ప్రధానంగా బతికే మనకు ఆ లెక్క అవసరం.

మొదటి రోగ నిర్ణయాలు

తొలి దశలో ఈ స్త్రీలను చూసిన వైద్యులు దీన్ని కీళ్ళవాతమనీ, నరాల నొప్పి అనీ అనుకున్నారు. ఎక్స్‌రేల్లో ఎముక మెత్తబడినట్టు, అంటే ఆస్టియోమలేషియా ఉన్నట్టు తెలిసిన తరువాత, పోషకాహార లోపం, విటమిన్ డి లోపం, వరుస కాన్పులు, మంచు ఎక్కువగా కురిసే ఆ తీరంలో చలికాలమంతా ఎండ తగలకపోవడం అనే కారణాలు ముందుకు వచ్చాయి. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ అర్థం లేని ఊహ కాదు. పెద్ద మోతాదులో విటమిన్ డి ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది కూడా. ఊళ్ళలో మాత్రం దీన్ని పూర్వజన్మ పాపమన్నారు. పిల్లనివ్వరని, బియ్యం కొనరని భయపడి కొన్ని కుటుంబాలు రోగిని ఇంటి లోపలి గదిలో దాచాయి.

ఫుచూ అనే ఊళ్ళో తరతరాలుగా వైద్యం చేస్తున్న కుటుంబానికి చెందిన నోబోరు హగినో 1946లో యుద్ధం నుంచి తిరిగివచ్చి తన ఆసుపత్రిలో ఈ రోగులను చూడడం మొదలుపెట్టారు. ఆయన కూడా మొదట పోషకాహార లోపం వైపే మొగ్గారు. ఆ వివరణకు లొంగని విషయాలు రెండు ఉన్నాయి. ఒకటి, ఈ స్త్రీల మూత్రంలో చక్కెర, మాంసకృత్తులు పోతున్నాయి, కానీ రక్తంలో చక్కెర పెరగలేదు. అది మధుమేహం లక్షణం కాదు, మూత్రపిండంలోని సూక్ష్మనాళికలు వడకట్టిన పదార్థాన్ని తిరిగి పీల్చుకోలేకపోతున్నాయనడానికి గుర్తు. రెండవది, పేదరికమూ మంచూ తోయామా అంతటా ఉన్నా జబ్బు మాత్రం అంతటా లేదు.

పటం మీద గుర్తులు

ఈ కేసులో నిర్ణయాత్మకమైన పరీక్ష ప్రయోగశాలలో జరగలేదు. రోగుల ఇళ్ళను పటం మీద గుర్తిస్తే అవన్నీ జింజు నది నీటితో సాగయ్యే ఊళ్ళలోనే పడ్డాయి. నదికి తూర్పున కుమానో, పడమర ఇదా అనే చిన్న నదులున్నాయి. వాటి నీటితో పండే పొలాల వైపుకు దాటితే రోగులు లేరు. అదే వాతావరణం, అదే తిండి అలవాట్లు, అవే కాన్పులు, అదే పేదరికం ఉన్న పక్క ఊరిలో జబ్బు లేకపోవడాన్ని పోషకాహార లోపం సిద్ధాంతం వివరించలేకపోయింది. నీటిని అనుసరించి ఎగువకు వెళితే, గిఫూ ప్రాంతపు కొండల్లో, జింజు ఉపనది తకహారా ఒడ్డున కమియోకా గని ఉంది. అక్కడ మిత్సుయి సంస్థ జింకు, సీసం తవ్వి శుద్ధి చేసేది.

1957లో హగినో గని నీటి విషమే కారణమని ప్రకటించారు. పల్లెటూరి వైద్యుడి ఊహ అని చాలామంది దాన్ని కొట్టిపారేశారు. వ్యవసాయ శాస్త్రవేత్త కినిచి యొషియోకా పొలాల్లో పంట నష్టాన్ని పరిశీలించి, నది నీరు మొదట ప్రవేశించే మడవ దగ్గర పైరు ఎక్కువగా దెబ్బతిన్నదని చూపారు. ఒకాయామా విశ్వవిద్యాలయంలో జున్ కొబయాషి నమూనాలను విశ్లేషించి కాడ్మియం అనే భార లోహం ఉనికిని బయటపెట్టారు. 1961లో హగినో, యొషియోకా కలిసి కాడ్మియమే కారణమని వైద్యుల సభలో చెప్పారు. ఒక వైద్యుడు, ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, ఒక రసాయన శాస్త్రవేత్త తమ తమ భాగాలను ఒకచోట పెట్టకపోతే ఈ కేసు తేలేది కాదని నా అభిప్రాయం. ఇప్పటికీ మన దగ్గర ఈ ముగ్గురూ ఒకే గదిలో కూర్చోవడం అరుదు.

గని నుంచి గింజ దాకా

జింకు ఖనిజంలో కాడ్మియం సహజంగానే కలిసి ఉంటుంది. ఖనిజాన్ని మెత్తగా పొడి చేసి నీటిలో తేల్చి వేరుచేసే పద్ధతి వచ్చాక, మిగిలిన వ్యర్థం మరీ సన్నని రేణువులుగా నదిలో కలిసి దూరం వెళ్ళగలిగింది. యుద్ధకాలంలో లోహాల గిరాకీ పెరిగి ఉత్పత్తితో పాటు వ్యర్థమూ పెరిగింది. ఆ నీరు కాలువల్లోకి, కాలువల నుంచి మడుల్లోకి పారి, ఏటికేడు మేట వేసింది.

కాడ్మియాన్ని బియ్యంలోకి చేర్చడంలో మడి నీటిది పెద్ద పాత్ర. మడిలో నీరు నిలిచి ఉన్నంత కాలం నేలలో గాలి ఉండదు, అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి కరగని సల్ఫైడుగా బంధించబడి ఉంటుంది. నీరు తీసి మడిని ఆరబెడితే నేలలోకి గాలి చేరి ఆ సల్ఫైడు విడిపోతుంది, కాడ్మియం కరిగి వేర్లకు అందుతుంది. వెన్ను వెలువడి గింజ పాలు పోసుకునే సమయంలోనే ఇలా ఆరితే గింజలోకి చేరే మోతాదు బాగా పెరుగుతుంది. మాంగనీసును లోపలికి తీసుకోవడానికి వరి వేరులో ఉన్న ఒక రవాణా ప్రోటీను గుండానే కాడ్మియం ప్రవేశిస్తుంది. దీని వల్ల మొక్కకు బయటికి కనిపించే హాని లేకుండానే గింజలో మనిషికి హాని చేసే మోతాదు చేరగలదు.

మూత్రపిండంలో జరిగేది

తిన్న కాడ్మియంలో పేగులు పీల్చుకునేది కొద్ది శాతమే. అయితే ఒంట్లోకి చేరినదానిని బయటికి పంపే సమర్థమైన దారి మనకు లేదు. అది కాలేయంలో మెటలోథయోనీన్ అనే ప్రోటీనుకు అంటుకుని, మూత్రపిండంలో వడపోతకు గురై, మొదటి సూక్ష్మనాళికల కణాల్లో ఇరుక్కుపోతుంది. అక్కడ సగం తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్ళు పడుతుంది. నలభై ఏళ్ళ పాటు రోజూ కొంచెం తిన్న మనిషిలో ఆ కణాలు పనిచేయడం మానేసినప్పుడు చక్కెర, అమైనో ఆమ్లాలు, ఫాస్ఫేటు, చిన్న అణుభారం గల ప్రోటీనులు మూత్రంలో పోతాయి. ఫాస్ఫేటు పోవడం వల్లా, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారే పని కూడా ఆ కణాల్లోనే జరుగుతుంది గనుక అది కుంటుపడడం వల్లా ఎముకకు ఖనిజం అందదు. ఎముకలో కనిపించిన రోగానికి మూలం మూత్రపిండంలో ఉంది, మూత్రపిండంలోని రోగానికి మూలం అన్నంలో ఉంది. కాడ్మియాన్ని మూత్రపిండం నుంచి బయటికి లాగే నమ్మదగిన మందు నేటికీ లేదు. విటమిన్ డి నొప్పిని తగ్గించగలిగింది గాని మూలాన్ని తాకలేకపోయింది.

ఇక్కడ నాతోటి వైద్యులకు ఒక మాట. మామూలు మూత్ర పరీక్షలో వాడే పట్టీ ప్రధానంగా ఆల్బుమిన్ అనే పెద్ద ప్రోటీనును పసిగడుతుంది. కాడ్మియం దెబ్బ తొలి దశలో పోయేది బీటా2 మైక్రోగ్లోబులిన్, ఆల్ఫా1 మైక్రోగ్లోబులిన్ వంటి చిన్న ప్రోటీనులు. పట్టీ రంగు మారలేదు, సీరం క్రియాటినిన్ మామూలుగా ఉంది అని రోగిని పంపేస్తే తొలి దశను పూర్తిగా వదిలేసినట్టే. బీటా2 మైక్రోగ్లోబులిన్ ఆమ్ల మూత్రంలో త్వరగా చెడిపోతుంది కాబట్టి నమూనాను సరిగా నిల్వ చేయలేని చోట ఆల్ఫా1 మైక్రోగ్లోబులిన్ అడగడం మేలు. మధుమేహం లేకుండా మూత్రంలో చక్కెర, రక్తంలో తక్కువ ఫాస్ఫేటు, పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎముకల నొప్పి కలిసి కనిపిస్తే నేను రోగి వృత్తితో పాటు నీరు ఎక్కడిది, బియ్యం ఎక్కడివి, ఎన్నేళ్ళుగా అవే అని అడుగుతాను. నల్లగొండ వైపు నుంచి వచ్చే ఎముకల బాధల్లో మనకు మొదట ఫ్లోరోసిస్ గుర్తుకు రావడం సహజమే. ఫ్లోరోసిస్‌లో ఎముక సాధారణంగా చిక్కబడుతుంది, ఇక్కడ మెత్తబడుతుంది. ఎక్స్‌రే ముందు పెట్టుకుంటే చాలావరకు ఆ తేడా తెలుస్తుంది.

స్త్రీలకే ఎక్కువగా ఎందుకు

అధికారికంగా గుర్తించిన సుమారు 200 మంది రోగుల్లో దాదాపు అందరూ స్త్రీలే, అందులోనూ ఎక్కువమంది పలుమార్లు ప్రసవించినవారు. పురుషులూ అదే అన్నం తిన్నారు, వారి మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి. కానీ ఎముకల దాకా వెళ్ళినది ఎక్కువగా స్త్రీలలోనే. 1968 మే 8న జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ వెలువరించిన అభిప్రాయంలో దీనికి వివరణ ఉంది. కాడ్మియం వల్ల మొదట మూత్రపిండం, తరువాత ఎముక చెడతాయనీ, గర్భధారణ, చనుబాలు ఇవ్వడం, వయసు, కాల్షియం లోపం వంటివి ఆ జబ్బును ముందుకు తోస్తాయనీ అది చెప్పింది. పోషకాహార లోపం అన్న పాత ఊహ ఈ విధంగా మూలకారణం స్థానం నుంచి తోడు కారణం స్థానానికి వచ్చింది.

దీనికి ఇంకొకటి కలపాలి. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు పేగులు ఇనుమును ఎక్కువగా పీల్చుకోవడానికి తెరిచే దారి గుండా కాడ్మియం కూడా ఎక్కువగా లోపలికి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లనే కాకపోయినా, చాలా భాగం దానివల్లనే. అదే బియ్యం, అదే మోతాదు తిన్నా మన ఇళ్ళలో భర్త కంటే భార్య ఒంట్లో ఎక్కువ లోహం నిలవగలదని దీని అర్థం. ఇనుము మాత్రల కార్యక్రమాన్ని రక్తం పెంచే పనిగా మాత్రమే చూస్తున్నాం గాని, లోహాల నుంచి కాపాడే పనిగా కూడా దాన్ని లెక్కించాలి.

కోర్టులో రుజువు

1968 మార్చిలో బాధితులు మిత్సుయి సంస్థపై దావా వేశారు. అక్కడి గనుల చట్టంలో, గని వల్ల నష్టం కలిగితే నిర్లక్ష్యాన్ని రుజువు చేయనవసరం లేకుండానే నష్టపరిహారం చెల్లించాలనే నియమం ఉంది. అందువల్ల వాదమంతా కారణ సంబంధం మీదే నడిచింది. ఒక్కొక్క రోగి శరీరంలో ఏ అణువు ఏ దారిన వెళ్ళిందో చూపమని సంస్థ పట్టుబట్టింది. 1971 జూన్ 30న తోయామా జిల్లా న్యాయస్థానం, రోగం వ్యాపించిన తీరు, కాలం, ప్రదేశం చూపించే సాక్ష్యం కారణాన్ని నిర్ధారించడానికి సరిపోతుందని బాధితుల పక్షాన తీర్పు ఇచ్చింది. 1972 ఆగస్టు 9న పై న్యాయస్థానం సంస్థ అప్పీలును కొట్టివేసింది. పటం మీద హగినో చూసిన హద్దులకే చివరికి న్యాయస్థానం కూడా బరువు ఇచ్చింది.

పై తీర్పు తరువాత బాధితులు కుదుర్చుకున్న ఒప్పందాన్ని నేను తీర్పు కంటే గొప్పదిగా భావిస్తాను. పరిహారంతో పాటు నేల శుద్ధికి సంస్థ కట్టుబడింది. అంతేగాక, గ్రామస్థులు తమకు నచ్చిన నిపుణులను వెంటబెట్టుకుని ఎప్పుడైనా గనిలోకి వెళ్ళి తనిఖీ చేసే హక్కునూ, ఆ ఖర్చు సంస్థే భరించాలన్న షరతునూ రాయించుకున్నారు. అప్పటి నుంచి ఏటా ఆ తనిఖీలు జరిగాయి, నదిలో కాడ్మియం సహజ స్థాయికి దగ్గరగా తగ్గింది. గని తవ్వకం 2001లో ఆగింది. ఆ కొండ లోతుల్లోనే ఇప్పుడు న్యూట్రినోలను పరిశీలించే సూపర్ కమియోకాండే ప్రయోగశాల నడుస్తోంది.

పొలానికి చేసిన వైద్యం

నదిని శుభ్రం చేసినంత మాత్రాన బియ్యం శుభ్రం కాలేదు, ఎందుకంటే లోహం అప్పటికే నేలలో ఉంది. 1970లో జపాన్ కిలో బియ్యానికి 1 మిల్లీగ్రాము కాడ్మియాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టింది. 0.4 నుంచి 1 మిల్లీగ్రాము మధ్య ఉన్న బియ్యాన్ని ప్రభుత్వం కొని, తిండికి కాకుండా జిగురు తయారీ వంటి పనులకు మళ్ళించింది. పొలాల్లో గొయ్యి తీసి కలుషితమైన పై మట్టిని అడుగున పాతి, దాని మీద కొత్త మట్టి పరిచే పని 1979 ప్రాంతంలో మొదలై 2012లో పూర్తయింది. సుమారు 860 హెక్టార్లకు అయిన ఖర్చు 4,000 కోట్ల యెన్లకు పైమాటే. ఎముకల దాకా వెళ్ళని, మూత్రపిండాలు మాత్రమే దెబ్బతిన్నవారికి సంస్థ ఒక్కసారి సొమ్ము చెల్లించే ఒప్పందం 2013 డిసెంబరులో కుదిరింది. అంటే హగినో తన మొదటి రోగులను చూసిన అరవై ఏళ్ళకు పైగా గడిచాక గాని ఈ మూత్రపిండ రోగులకు గుర్తింపు రాలేదు.

పరిమితిని కంచంతో కొలిస్తే

ఆహారంలో కలిసే పదార్థాలను అంచనా వేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో కాడ్మియానికి నెలకు శరీర బరువు కిలోకు 25 మైక్రోగ్రాముల మోతాదును సహించదగినదిగా నిర్ణయించింది. 50 కిలోల బరువున్న ఒక స్త్రీకి అది రోజుకు సుమారు 42 మైక్రోగ్రాములు. పాలిష్ చేసిన బియ్యానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ పెట్టిన పరిమితి, మన దేశపు పరిమితి కూడా కిలోకు 0.4 మిల్లీగ్రాములు. పొలం పని చేసుకుని మూడు పూటలా అన్నం తినే ఆమె రోజుకు 400 గ్రాముల బియ్యం తింటుందనుకుందాం. ఆ బియ్యం సరిగ్గా పరిమితి దగ్గర ఉంటే రోజుకు 160 మైక్రోగ్రాములు, అంటే సహించదగిన మోతాదుకు దాదాపు నాలుగింతలు ఒక్క అన్నం నుంచే వస్తాయి. కూరలూ పప్పూ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆమె ఆ మోతాదు దాటకుండా ఉండాలంటే బియ్యంలో 0.1 మిల్లీగ్రాము మించి ఉండకూడదు.

ఈ లెక్క వల్ల మన బియ్యం ప్రమాదకరమని తేలదు, కలుషితం కాని నేలలో పండే బియ్యంలో కాడ్మియం పరిమితికి చాలా కిందే ఉంటుంది. పరీక్ష నివేదిక మీద పరిమితి లోపల ఉంది అనే ముద్ర చూసి ఊరుకోకూడదని మాత్రం తేలుతుంది. పూటకు గుప్పెడు అన్నం తినేవారికీ, అన్నమే కడుపు నింపేవారికీ ఒకే అంకె ఒకే రక్షణ ఇవ్వదు. వరి తినే చైనా 0.2 వద్ద పరిమితి పెట్టుకుంది. అన్నం తక్కువగా తినే యూరప్ 2021లో దాన్ని 0.15కు దించింది. రేషను బియ్యం మీదే ఆధారపడిన కుటుంబాలున్న దేశం 0.4 దగ్గరే ఉండడం నాకు సమంజసంగా తోచదు.

మన మడుల్లో

నీటి వాడకాన్నీ, మడుల నుంచి వెలువడే మీథేను వాయువునూ తగ్గించడానికి వరిలో తడి ఆరుతడి పద్ధతిని మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రోత్సహిస్తున్నారు. నీరు ఆదా చేయడం అవసరమే. అయితే మడి ఆరితే గింజలో ఆర్సెనిక్ అనే మరో విషపదార్థం తగ్గి కాడ్మియం పెరుగుతుంది, నీరు నిలిస్తే కాడ్మియం తగ్గి ఆర్సెనిక్ పెరుగుతుంది. శుభ్రమైన నేలలో ఈ పేచీ లేదు. పారిశ్రామిక వ్యర్థాలు కలిసిన నీరు పారే చోట, హైదరాబాదు దిగువన మూసీ నీటితో వరి, గడ్డి, ఆకుకూరలు పండే ఊళ్ళ వంటి చోట, ఆరుతడి సలహా ఇచ్చేముందు నేలలోనూ గింజలోనూ కాడ్మియం చూడాలి. ఎక్కువ ఉన్నచోట వెన్ను వెలువడడానికి ముందు మూడు వారాలు, తరువాత మూడు వారాలు నీరు నిలపడం జపాన్ రైతులు పాటిస్తున్న పద్ధతి. వేరులోని ఆ రవాణా ప్రోటీను పనిచేయకుండా చేసి, కాడ్మియం దాదాపు పీల్చుకోని కోషిహికారి వరి రకాన్ని కూడా అక్కడి శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు. మన సన్న రకాల్లోకి ఆ గుణాన్ని తేవడం పరిశోధన కేంద్రాలు తలపెట్టదగిన పని.

వంటింట్లో చేయగలిగేది పరిమితం. ఎక్కువ నీటిలో వండి గంజి వార్చితే ఆర్సెనిక్ చెప్పుకోదగినంత తగ్గుతుంది, అదీ వండే నీటిలో ఆర్సెనిక్ లేకపోతేనే. కాడ్మియం గింజలోపల గట్టిగా ఉండిపోతుంది, వార్చినా పెద్దగా పోదు. గంజితో బి విటమిన్లు కూడా పోతాయి కాబట్టి అందరికీ ఈ సలహా ఇవ్వను. ఒకే పొలం బియ్యం ఏడాదంతా తినే కుటుంబానికి, ఆ పొలం నీటి మీద అనుమానం ఉంటే, వారంలో కొన్ని పూటలు వేరే చోట పండిన జొన్న, రాగి తినమని చెబుతాను, అందులోని స్త్రీలకు ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చూసి ఇనుము లోపాన్ని సరిచేస్తాను.

శ్రీకాకుళం ఉద్దానంలోని మూత్రపిండ వ్యాధి గురించి ఈ సందర్భంలో తప్పక అడుగుతారు. అక్కడ కూడా తొలి దెబ్బ సూక్ష్మనాళికల వైపు నుంచే కనిపిస్తుంది, మూత్రంలో ఆల్బుమిన్ తక్కువగానే పోతుంది. కానీ ఇతాయి ఇతాయిలోని ఎముకల చిత్రం అక్కడ లేదు, ఒక లోహమే కారణమని నిర్ధారణ కాలేదు. జింజు కేసు జవాబును ఉద్దానానికి అంటగట్టడం తప్పు. తీసుకోవలసింది దాని పద్ధతిని: జబ్బు ఉన్న ఊరు, లేని ఊరు హద్దుల దాకా వెళ్ళి, ఆ రెండు ఊళ్ళ నీటినీ గింజనూ మూత్రాన్నీ ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన పెట్టి కొలవడం. అనుమానమున్న ఆయకట్టుల్లో ఇలాంటి కొలత చేపట్టినప్పుడు, ఫలితాన్ని పరిమితికి లోపల, వెలుపల అనే రెండు గడుల్లో వేయకుండా కిలోకు ఎన్ని మైక్రోగ్రాములో అంకెతో ఇవ్వాలని ప్రయోగశాలలను కోరుతున్నాను. ఆ అంకె ఉంటేనే ఎదురుగా కూర్చున్న రోగి బరువును బట్టి, తినే అన్నాన్ని బట్టి వైద్యుడు లెక్క వేయగలడు.